సాఫ్ట్‌బాల్ పిల్లలకు స్మారక స్కాలర్‌షిప్: నాయకత్వాన్ని చూసి ఎంపిక చేయడం ఎలా?

పోయిన మనిషి పేరు మీద సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలకు ఏటా స్కాలర్‌షిప్ ఇవ్వాలనుకునే కుటుంబాలకు, పాత జట్టు సభ్యులకు, పూర్వ విద్యార్థులకు డబ్బు కూడగట్టడం అంత పెద్ద పని కాదు. చిక్కంతా 'నాయకత్వ లక్షణాలున్న విద్యార్థికి' అన్న ఒక్క మాట దగ్గరే. కరపత్రంలో ఆ మాట రాయడం తేలిక. ఫిబ్రవరిలో దరఖాస్తులు ముందేసుకుని కూర్చున్నాక దానికి అర్థం ఏమిటో ఎవరూ చెప్పలేరు. చివరికి కెప్టెన్‌కో, ఎక్కువ రన్లు చేసినవాళ్లకో, పీఈటీ సార్ గట్టిగా చెప్పిన పిల్లకో ఇచ్చేసి లేస్తారు. నాయకత్వం కాగితాల్లో దొరకదు. గ్రౌండ్‌కు పోయి చూసి, చూసింది అక్కడికక్కడే రాసుకోవాలి. కింద చెప్పే పనుల్లో ఎక్కువ భాగం దానికోసమే.

మొదటి పని: ఎవరి పేరు, ఎందుకు

ఒక పేజీ రాయండి. ఎవరి జ్ఞాపకార్థం ఇస్తున్నారో ఆ మనిషి ఏ స్థానంలో ఆడారు, తోటివాళ్లతో ఎలా ఉండేవారు, ఏ పని చూసి జట్టు ఆ మనిషి మాట వినేది అన్నవి అందులో ఉండాలి. ఇంట్లోవాళ్లు ఒక్కరే రాస్తే 'మంచివాడు, కష్టపడేవాడు' దగ్గర ఆగిపోతుంది. కలిసి ఆడిన ముగ్గురు నలుగురిని అడగండి. 'వర్షం పడ్డాక బేస్ సంచులు తానే మోసుకెళ్లి ఆరబెట్టేది' లాంటి మాట ఒక్కటి దొరికినా చాలు, అదే రేపు మీ ఎంపికకు గీటురాయి అవుతుంది. బిరుదులు, పార్టీ పదవులు ఆ పేజీలో వద్దు. పదేళ్ల తర్వాత చదివే పిల్లకు అర్థమయ్యేలా ఉంటే సరిపోతుంది.

ఆ పేజీ అడుగున అర్హత రాయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. 'ఉమ్మడి పాలమూరు జిల్లా' అని రాసేసి వదిలేస్తే మొదటి ఏడాదే తగాదా. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో ఉండిన షాద్‌నగర్ 2016లో రంగారెడ్డి జిల్లాలో కలిసింది, కొడంగల్ వికారాబాద్‌కు పోయింది. నారాయణపేట 2019లో వేరే జిల్లా అయింది. ఉమ్మడి నల్లగొండ అంటే ఇవాళ నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. అందుకే జిల్లాల పేర్లు ఒక్కొక్కటిగా రాసి, 'ఈ జిల్లాల్లోని బడిలో చదువుతున్నవారు' అనాలో 'ఈ జిల్లాలకు చెందినవారు' అనాలో తేల్చుకోండి. మొదటిదే మంచిది. బోనఫైడ్ ఒక్కటి చాలు, నివాస ధ్రువపత్రం కోసం మీసేవ చుట్టూ తిప్పాల్సిన పని ఉండదు.

తరగతుల సంగతి. నిధి చిన్నదైతే 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకే పెట్టండి. బడి పోటీల్లో అండర్-17, అండర్-19 విభాగాల పిల్లలు ఈ తరగతుల్లోనే ఉంటారు. పది అయిపోయి ఇంటర్‌కు పోయేటప్పుడు ఆట మానేసేవాళ్లు, అందులోనూ ఆడపిల్లలు, ఎక్కువ. డబ్బు అవసరమైన మలుపు అదే. అమ్మాయికి ఒకటి, అబ్బాయికి ఒకటి అని విడిగా రాసి పెట్టండి. 'ఇద్దరిలో ఎవరికైనా' అంటే, మ్యాచ్‌లు ఎక్కువ దొరికే వైపుకే ఏటా పోతుంది.

ఎంత ఇవ్వాలి, అసలు ఎంత కావాలి

లెక్క తలకిందులుగా వేసుకోవద్దు. 'తలా ఇరవై వేలు ఇద్దాం' అని ప్రకటించి తర్వాత నిధి వెతుక్కునేవాళ్లు మూడో ఏడు ఆగిపోతారు. ముందు అసలు ఎంతో తేల్చండి. ఉదాహరణకు 5 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారనుకుందాం. వడ్డీ 6.5 శాతం ఉంటే ఏడాదికి 32,500 రూపాయలు. అందులో 25,000 మాత్రమే ఇవ్వండి, ఒక్కొక్కరికి 12,500. మిగిలిన 7,500 అసలులో కలపండి. రేపు వడ్డీ 5.5 శాతానికి పడిపోయినా 27,500 వస్తుంది, ఇచ్చిన మాట నిలుస్తుంది. అసలును ముట్టుకోకూడదని, మిగులు అసలులోనే కలవాలని నియమాల్లోనే రాయండి. సభకయ్యే షామియానా, మైకు, శాలువాల ఖర్చు ఈ వడ్డీలోంచి తీయకూడదన్నది కూడా రాయాలి. అది రాయని చోట మూడేళ్లలో పిల్లల వాటా సగమవుతుంది.

డబ్బు ఎవరి చేతిలో ఉండాలి అన్నదానికి మూడు దారులున్నాయి.

ఒకటి, కుటుంబమే ఏటా నేరుగా పిల్లల ఖాతాలో వేయడం. రిజిస్ట్రేషన్లు అక్కర్లేదు, రేపే మొదలుపెట్టవచ్చు. పెద్దమనిషి ఒకరు పోతే లేదా అన్నదమ్ములు విడిపోతే ఆగిపోతుంది.

రెండు, బడి లేదా కాలేజీ పేరు మీద డిపాజిట్ వేసి, వడ్డీతో బహుమతి ఇమ్మనడం. ఊళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే. బాండు బీరువాలో పెడతారు, హెడ్‌మాస్టర్ బదిలీ అయి పోతారు, కొత్తగా వచ్చినాయనకు ఆ కాగితం ఉన్నట్టే తెలియదు. గడువు దాటిన డిపాజిట్‌ను ఎవరూ అడక్కపోతే ఒప్పందపు వడ్డీ, సేవింగ్స్ వడ్డీ రెండింటిలో ఏది తక్కువైతే అదే పడుతుంది. పదేళ్లు ఎవరూ అడక్కపోతే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు దగ్గరి డిపాజిటర్ల నిధికి వెళ్లిపోతుంది. తిరిగి తెచ్చుకోవచ్చు, కానీ కాళ్లరిగేలా తిరగాలి. ఈ దారి పట్టేవాళ్లు మూడు పనులు చేయాలి. ఆటోమేటిక్ రెన్యువల్ పెట్టించండి. డిపాజిట్ వివరాలు బడి కమిటీ తీర్మానాల రిజిస్టరులో ఎక్కించి ఆ పేజీ నకలు తీసుకోండి. ఏటా జులైలో మీ మనిషి ఒకరు పోయి బాండును కళ్లతో చూసి రావాలి.

మూడు, సొసైటీ లేదా ట్రస్టు. తెలంగాణలో అమలవుతున్న 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ట్రస్టు అయితే దస్తావేజు రాసి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయిస్తారు. తర్వాత పాన్, బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు, ఏటా లెక్కలు. పదిమంది చందాలతో నడపాలనుకుంటేనే ఈ దారి. ఐదు లక్షల నిధికి ఆడిటర్ ఫీజు కూడా భారమే. దాతలకు పన్ను మినహాయింపు కావాలంటే 80జీ అని అందరికీ తెలిసిన అనుమతి ఉండాలి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన చందాకు ఆ మినహాయింపు రాదు కాబట్టి బ్యాంకు ద్వారానే తీసుకోండి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. పాత ఫారాలు నకలు చేసుకోకుండా ఆడిటర్‌ను అడిగి నింపండి.

అమెరికా చందాల దగ్గర చాలామంది తెలియక ఇరుక్కుంటారు. నల్లగొండ, సూర్యాపేట నుంచి వెళ్లినవాళ్లు మనసారా పంపుతామంటారు. పంపే మనిషి దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న మనిషి, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీయుడి కిందే లెక్క. ఆ డబ్బు మీ సొసైటీ తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. 'ఏ పాస్‌పోర్టు అన్నా?' అని ముందే అడగడం మర్యాద తక్కువ పని కాదు. డబ్బు వచ్చి పడ్డాక వెనక్కి పంపడమే పెద్ద తలనొప్పి.

ఏడాది పట్టిక

జులైలో బడులకు, గురుకులాలకు, జూనియర్ కాలేజీలకు ఒక పేజీ నోటీసు పంపండి. హెడ్‌మాస్టర్‌కు ఒకటి, పీఈటీకి విడిగా ఇంకొకటి. ఒక్కటే పంపితే అది ఆఫీసు ఫైల్లోనే ఉంటుంది. మండల, జిల్లా స్థాయి పోటీల తేదీలు పీఈటీలను అడిగి తెలుసుకుని, పరిశీలనకు వెళ్లే మనుషులను ముందే ఖాయం చేసుకోండి. తేదీలు రెండు మూడు రోజుల ముందు మారడం మామూలే. ఒక్క మనిషినే నమ్ముకోకండి.

దరఖాస్తుల గడువు సంక్రాంతి సెలవుల తర్వాత వారానికి పెట్టండి. పిల్లలతో మాట్లాడటం జనవరి చివర్లో, ఫలితం ఫిబ్రవరి మొదటి వారంలో. అక్కడి నుంచి ఇంటర్ పరీక్షలు, ఆ వెనకే పది పరీక్షలు, పిల్లలు దొరకరు.

సభ తేదీ గురించి ఒక మాట. సంవత్సరీకం రోజే ఇవ్వాలని ఇంట్లో పెద్దలు అంటారు. తిథి ప్రకారం ఆ రోజు ఏటా మారుతుంది. ఒక్కోసారి మే నెల సెలవుల్లో పడుతుంది, ఒక్కోసారి పరీక్షల మధ్యలో. ఇంటి కార్యం తిథికి చేసుకోండి, స్కాలర్‌షిప్ మాత్రం బడి వార్షికోత్సవంతో కలిపి ఫిబ్రవరిలో ఇవ్వండి. పెద్దలకు ఈ తేడా మొదటి ఏడాదే చెప్పి ఒప్పించాలి.

దరఖాస్తు

తెలుగులో, ఒకే కాగితం, రెండు వైపులా. ఆన్‌లైన్ ఫారం ఒక్కటే పెడితే గురుకులం పిల్లలు తప్పిపోతారు, హాస్టల్లో ఫోన్ ఉండదు. కాగితం పీఈటీ చేతికి ఇచ్చినా, పోస్టులో పంపినా, ఫొటో తీసి వాట్సాప్ చేసినా తీసుకోండి.

అడగాల్సినవి: పేరు బడి రికార్డులో ఉన్నట్టు (పది పాసైతే మెమోలో ఉన్నట్టు), తరగతి, బడి, ఆడే స్థానం, ఏ చేత్తో విసురుతారు, ఈ ఏడాది ఆడిన పోటీలు, హాజరు శాతం. ఆధార్ నకలు దరఖాస్తు దశలో అడగొద్దు, ఎంపికైన ఇద్దరి నుంచి తీసుకుంటే చాలు. యాభై మంది మైనర్ల ఆధార్ కాగితాలు మీ ఇంట్లో పడి ఉండటం ఎవరికీ మంచిది కాదు.

సంతకం గడి దగ్గర 'తండ్రి సంతకం' అని అచ్చు వేయకండి. 'ఇంట్లో పెద్దవారు లేదా వార్డెన్' అని రాయండి. పాలమూరు వైపు తల్లిదండ్రులు పనికి ముంబైకో, పుణెకో, హైదరాబాద్‌కో పోయి పిల్లలు నాయనమ్మ దగ్గరో హాస్టల్లోనో ఉండే ఇళ్లు ఎన్నో. సంతకం కోసం ఆగి గడువు దాటించుకునేది సరిగ్గా మీరు చేరాలనుకున్న పిల్లే. వేలిముద్ర కూడా చెల్లుతుందని రాయండి.

వెనక వైపు రెండే ప్రశ్నలు. 'ఈ సీజన్లో మీ జట్టు కోసం మీరు చేసిన, ఎవరూ చెప్పని ఒక పని రాయండి.' 'మీకంటే చిన్న క్లాసు పిల్లకు ఏం నేర్పారు? ఆ పిల్ల పేరు రాయండి.' 'నాయకత్వం అంటే ఏమిటి' అని వ్యాసం రాయమంటే గైడులో ఉన్నది దింపుతారు. మీరు చదివేది మార్కుల కోసం రాసిన వ్యాసమే అవుతుంది.

బడి నుంచి ఇద్దరి పేర్లే పంపమనండి. దాంతోపాటు పిల్లలు సొంతంగానూ దరఖాస్తు పెట్టుకోవచ్చని నోటీసులో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఆటతీరు చూసి పేరు పంపడం పీఈటీలకు అలవాటు. నాయకత్వం చూసి పంపమని మీరు అడిగినా, ఆ ఏడాది స్టేట్ ఆడిన పిల్ల పేరే ముందు గుర్తొస్తుంది.

గ్రౌండ్‌లో ఏం చూడాలి

ఒక్కో అభ్యర్థిని కనీసం రెండు మ్యాచ్‌లలో చూడాలి, వీలైతే అందులో ఒకటి ఓడిన మ్యాచ్ కావాలి. గెలిచేటప్పుడు అందరూ మంచివాళ్లే.

బంతి విసిరే పిచ్చర్, బ్యాటర్ వెనక కూర్చుని దాన్ని పట్టే క్యాచర్ కళ్లకు ముందు పడతారు. మైదానం మొత్తం ఎదురుగా కనిపించే స్థానం క్యాచర్‌ది. ఎన్ని అవుట్లో వేళ్లతో చూపడం, ఎవరు ఎక్కడికి విసరాలో అరిచి చెప్పడం ఆ స్థానం పనే. అది చేసినంత మాత్రాన మార్కులు వేసేయకండి. పిచ్చర్ వరసగా ఇద్దరిని నాలుగేసి 'బాల్స్'తో (గురి తప్పిన బంతులతో) ఊరికే మొదటి బేస్ మీదికి పంపినప్పుడు క్యాచర్ ఏం చేస్తుందో చూడండి. టైమ్ అడిగి దగ్గరికి పోయి ఒక మాట చెప్పి వస్తే అది రాసుకోండి. అక్కడినుంచే చేతులు ఊపి విసుక్కుంటే అదీ రాసుకోండి.

అవుట్‌ఫీల్డ్‌లో, అంటే బేస్‌లకు అవతల నిలబడే పిల్లలు దూరంగా ఉంటారు, వాళ్లను కావాలని చూడాలి. ఇన్‌ఫీల్డ్‌లో (బేస్‌ల దగ్గర) ఎవరు బంతి పట్టి మొదటి బేస్‌కు విసిరినా, రైట్ ఫీల్డర్ ఆ బేస్ వెనక్కి పరుగెత్తి రావాలి, బంతి జారితే ఆపడానికి. పది సార్లలో తొమ్మిది సార్లు జారదు, ఆ పరుగు ఎవరికీ కనిపించదు. ఆరో ఇన్నింగ్స్‌లోనూ మొదటి ఇన్నింగ్స్‌లో లాగే పరుగెత్తే పిల్ల దొరికితే పేరు కింద గీత గీయండి. రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్‌కు, ఆ వెనక ఉండే లెఫ్ట్ ఫీల్డర్‌కు మధ్య ఎత్తుగా లేచిన బంతి ఇంకో పరీక్ష. ఎవరో ఒకరు 'నాది' అని గట్టిగా పిలవాలి, రెండోవాళ్లు తప్పుకోవాలి. ఎవరూ పిలవకపోతే బంతి ఇద్దరి మధ్య పడుతుంది, ఇద్దరూ పిలిస్తే గుద్దుకుంటారు. పిలిచి కూడా బంతి జారవిడిచాక ఆ పిల్ల మళ్లీ వచ్చిన బంతికి పిలిచిందా అన్నది అన్నిటికంటే ముఖ్యం.

బ్యాటింగ్ చేసే జట్టులో మూడో బేస్ పక్కన కోచ్ గడిలో బడి జట్లు చాలాసార్లు ఆటగాళ్లనే నిలబెడతాయి. రన్నర్‌ను ఆపాలో పంపాలో క్షణంలో చెప్పాలి. పంపిన రన్నర్ అవుటైతే తప్పు తనదని ఒప్పుకుంటుందా, రన్నర్ మీద తోస్తుందా చూడండి. సాఫ్ట్‌బాల్‌లో మొదట దిగిన ఆటగాడిని తీసేసినా ఒకసారి తిరిగి, అదే బ్యాటింగ్ వరసలో దించవచ్చు. తీసేసినప్పుడు గ్లవ్ విసిరికొట్టి మూల కూర్చున్న పిల్లకూ, తన స్థానంలోకి పోయినవాళ్లకు ఎండ ఎటు ఉందో చెప్పి కూర్చున్న పిల్లకూ తేడా ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. రిజర్వులో ఉండి స్కోరు షీటు రాసే పిల్లను, మ్యాచ్ అయ్యాక కిట్ సంచి సర్దే చేతులను కూడా చూడండి. అంపైర్‌తో మాట్లాడే తీరు సరేసరి.

పరిశీలన కాగితం మీద 'బాగుంది', 'చాలా బాగుంది' లాంటి మాటలు నిషేధం. జరిగింది రాయాలి: 'నాలుగో ఇన్నింగ్స్, రెండు అవుట్లు, పిచ్చర్ ఏడుస్తుంటే మూడో బేస్ నుంచి వచ్చి బంతి చేతిలో పెట్టి మాట్లాడింది.' అలాంటి వాక్యం మూడు నెలల తర్వాత కూడా మాట్లాడుతుంది. 'బాగుంది' మాట్లాడదు. పరిశీలకుడు ఎవరిని చూస్తున్నారో పిల్లలకు, వాళ్ల సార్లకు చెప్పకూడదు. చెబితే ఆ రోజు మైదానమంతా నాయకులే.

పిల్లలతో మాట్లాడటం

ఆరుగురికి మించి పిలవకండి. తలుపు తెరిచి ఉన్న గదిలో, ఇద్దరు పెద్దలు ఉండాలి, అమ్మాయిలతో మాట్లాడేటప్పుడు వారిలో ఒకరు తప్పకుండా మహిళ. పిల్లల ఫోన్ నంబర్లు ఏ గ్రూపులోనూ పెట్టకూడదు, ఏదైనా ఉంటే బడి ద్వారానే.

పిల్ల ఇంట్లో మాట్లాడే తెలుగులోనే అడగండి. 'మీ టీంల కొత్తగొచ్చిన పిల్లకు క్యాచ్ రాకపోతే నువ్వేం జేసినవ్ బిడ్డా?' అంటే గడగడా చెబుతుంది. 'మీ నాయకత్వ పటిమ వివరించండి' అంటే నేల చూస్తుంది. ఎక్కువ మాట్లాడేవాళ్లకు ఎక్కువ మార్కులు పడే ప్రమాదం ఇక్కడే. దానికి విరుగుడు, దరఖాస్తులో పేరు రాసిన చిన్న క్లాసు పిల్లను అడగడం. అడిగేది ఒక్కటే: 'ఆ అక్క నీకేం నేర్పింది, చేసి చూపించు.' నిజంగా నేర్పి ఉంటే ఆ పిల్ల లేచి చేసి చూపిస్తుంది.

నిర్ణేతలు ఐదుగురు చాలు: కుటుంబం నుంచి ఒకరు, ఒక పాత క్రీడాకారిణి, అభ్యర్థులెవరూ లేని బడి పీడీ (ఫిజికల్ డైరెక్టర్), ఆటలతో సంబంధం లేని టీచర్ ఒకరు, ఒక అంపైర్. తమ బడి పిల్ల, తమ బంధువుల పిల్ల వస్తే ఆ నిర్ణేత గది బయటికి పోవాలి. మార్కులు వేయకుండా కూర్చుంటానంటే కుదరదు, మనిషి ముఖం చూసి మిగతావాళ్లు మెత్తబడతారు. దాత కుటుంబం పిల్లలు అసలు అర్హులు కారని నియమాల్లోనే ఉండాలి.

నూటికి మార్కులు ఇలా వేయవచ్చు: గ్రౌండ్ పరిశీలన 45, చిన్నపిల్లల మాట, దరఖాస్తు జవాబులు కలిపి 20, ఆట 20, హాజరు, చదువు కలిపి 15. చదువులో మొదటి ర్యాంకు అడగొద్దు. హాజరు 75 శాతం, అన్ని సబ్జెక్టులూ పాస్ ఉంటే పూర్తి మార్కులు ఇచ్చేయండి. పోటీల కోసం బడి పోని రోజులను హాజరుగానే లెక్కించాలి, లేకపోతే స్టేట్ ఆడినందుకే శిక్ష పడుతుంది. పేదరికానికి విడిగా మార్కులు పెట్టడం మాకు ఇష్టం లేదు. ఎవరి ఇల్లు ఎక్కువ కష్టంలో ఉందో చెప్పుకునే పోటీ పెట్టినట్టవుతుంది. ఇద్దరికి సమాన మార్కులు వస్తే అప్పుడు ఇంటి పరిస్థితి చూడండి, చూసినట్టు బయట చెప్పకండి.

ఏ ఏడాదైనా తగిన పిల్ల దొరక్కపోతే ఎవరికో ఒకరికి ఇవ్వకండి. ఆ సొమ్ముతో క్యాచర్ మాస్కు, ఛాతీ రక్షణ, కాలి గార్డులు కొని రెండు బడులకు పంచండి.

డబ్బు చేర్చడం

ఫలితం చెప్పిన పదిహేను రోజుల్లో డబ్బు ఖాతాలో పడాలి. చెక్కు ఇస్తే మూడు నెలల్లో వేసుకోకపోతే చెల్లదు. పరీక్షల గొడవలో చాలామంది మరచిపోతారు. నేరుగా బదిలీ చేయండి. ఎంపికైన రోజే పాస్‌బుక్ మొదటి పేజీ తీసుకుని రెండు విషయాలు చూడండి: దరఖాస్తులో ఉన్న పేరు, ఖాతాలో ఉన్న పేరు ఒకటేనా, ఖాతా ఇంకా నడుస్తోందా. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా స్తంభించి ఉంటుంది, మళ్లీ కేవైసీ ఇచ్చి తెరిపించాలి. ముందు ఒక్క రూపాయి పంపి చూడండి. పెద్దవాళ్ల ఖాతాలో వేయాల్సి వస్తే అది పిల్లతో ఉమ్మడి ఖాతా కావాలి.

మొత్తం ఒకేసారి ఇవ్వకండి. 12,500లో 7,500 ఫిబ్రవరిలో, మిగిలిన 5,000 పై తరగతిలో చేరిన బోనఫైడ్ చూపాక జులైలో. ఇంటర్‌లో చేరే రోజుల్లో ఇంట్లో డబ్బుకు కటకట, ఆ 5,000 అప్పుడు అక్కరకొస్తాయి. గాయమై ఆడలేకపోతే రెండో వాయిదా ఆపకూడదు, చదువుతుంటే చాలు.

మంజూరు లేఖలో 'పుస్తకాలు, ఆట సామాన్ల కోసం ఒకసారి ఇచ్చే సాయం' అని రాయండి. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ తీసుకునే పిల్లలకు వేరే చోట నుంచి నెలనెలా ఉపకార వేతనం వస్తున్నట్టు కనిపిస్తే చిక్కులు రావచ్చు. లేఖ ఇచ్చే ముందు కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఒకసారి చూపించండి.

గ్లవ్ బహుమతిగా ఇస్తే దరఖాస్తులో 'ఏ చేత్తో విసురుతారు' అన్న గడి చూసి కొనండి. కుడిచేత్తో విసిరే పిల్ల గ్లవ్ ఎడమ చేతికి వేసుకుంటుంది. ఎడమచేతి వాటం పిల్లకు మామూలు గ్లవ్ ఇస్తే అది షోకేసులోకే.

ఆ రోజు ఒక మ్యాచ్

ఉపన్యాసాల కంటే ఒక మ్యాచ్ పెట్టండి. ఉదయం ఏడింటికి మొదలైతే ఎండ ముదిరేలోపు ఏడు ఇన్నింగ్స్‌లూ అయిపోతాయి. గీతలు గీయడానికి టేపు, తాడు, నాలుగు మేకులు, సున్నం చాలు. హోమ్ ప్లేట్ వెనక కొస దగ్గర మేకు కొట్టి, అక్కడినుంచి పిచ్చర్ వైపు నేరుగా 84 అడుగుల 10¼ అంగుళాలు, అంటే 25.86 మీటర్లు కొలిస్తే రెండో బేస్. హోమ్ నుంచి ఒక 60 అడుగుల తాడు, రెండో బేస్ నుంచి ఇంకో 60 అడుగుల తాడు లాగి, రెండూ కలిసే చోట కుడివైపు మొదటి బేస్, ఎడమవైపు మూడో బేస్. 60 అడుగులంటే 18.29 మీటర్లు. అమ్మాయిల మ్యాచ్‌కు పిచ్చర్ ప్లేటు 43 అడుగుల దగ్గర, పెద్ద మగవాళ్లు ఆడితే 46 అడుగుల దగ్గర. తాడు సాగుతుంది, టేపుతో మరోసారి కొలవండి. బంతి 12 అంగుళాల చుట్టుకొలతది. షామియానా, కుర్చీలు మొదటి, మూడో బేస్ గీతల పక్కన వేయకండి, ఫౌల్ బంతులు సరిగ్గా అక్కడికే వస్తాయి. హోమ్ వెనక వల కట్టి, దాని వెనక కూర్చోబెట్టండి. బ్యాట్ పట్టిన ప్రతి పిల్లకూ, బేస్‌ల మీద పరుగెత్తేవాళ్లకూ హెల్మెట్ ఉండాలి. ఐస్ డబ్బా దగ్గర పెట్టుకోండి.

వేదిక మీద పిల్ల ఇంటి కష్టాలు చెప్పకండి, తల్లిని మైకు ముందు నిలబెట్టి ఏడిపించకండి. పరిశీలన కాగితంలోని ఆ రెండు మూడు వాక్యాలు చదవండి: ఏ మ్యాచ్‌లో, ఏ ఇన్నింగ్స్‌లో ఏం చేసిందో. కింద కూర్చున్న ఏడో తరగతి పిల్లలకు ఏం చేస్తే ఇది వస్తుందో అప్పుడు తెలుస్తుంది. ఫొటోలు బయట పెట్టాలంటే పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇంట్లోవాళ్ల అనుమతి రాతపూర్వకంగా ముందే తీసుకోండి.

సభ అయిన వారంలో ఫైలు కట్టండి. నియమాల పేజీ, డిపాజిట్ బాండు నకలు, పరిశీలన కాగితాలు, మార్కుల పట్టిక మీద ఐదుగురి సంతకాలు, బదిలీ రసీదులు అందులో ఉండాలి. ఎంపిక కాని పిల్లల దరఖాస్తులు చింపేయండి, వచ్చే ఏడు మళ్లీ అర్హులైనవాళ్ల పేర్లు మాత్రం వేరే కాగితం మీద రాసుకుని ఉంచండి. ఫైలు ఒకటి ఇంట్లో, నకలు వేరే ఊళ్లో ఉండే నిర్ణేత దగ్గర. జులైలో రెండో వాయిదా పంపాల్సిన తేదీ ఆ ఫైలు అట్ట మీదే రాయండి.